పోలినాయుడి ఎత్తు బెల్లం

లంకెలవలసలో జగ్గునాయుడి ఇంటికి తెలివిగలవాళ్ళ ఇల్లని పేరు. ఆ పేరు పెట్టింది జగ్గునాయుడే. ఊరివాళ్ళు కాదనలేదు. ఏ పని ఎలా చెయ్యాలో పాలుపోనప్పుడు, జగ్గునాయుడి ఇంట్లో ఎలా చేస్తున్నారో వెళ్ళి చూసొచ్చేవారు. చూసొచ్చి, అలా మాత్రం చేసేవారు కాదు.

ఆ ఇంట్లో నలుగురు. జగ్గునాయుడు, అతని భార్య సన్నెమ్మ, పెద్దకొడుకు కన్నంనాయుడు, చిన్నకొడుకు పోలినాయుడు. కొడుకులిద్దరూ పాతికేళ్ళు దాటినవాళ్ళే. నాలుగెకరాల చెరుకు, చేను పక్కనే బెల్లం వండే పాక. పాకలో తాతలనాటి అచ్చు ఒకటి ఉంది. దాన్లో పోసిన బెల్లం దిమ్మలన్నీ ఒకే తూకం. అందుకని ఆ ఇంట్లో కిలోలు, గ్రాములు ఎవరికీ తెలీవు. ఏది తూచినా దిమ్మల్లోనే. సన్నెమ్మ కాపరానికొచ్చిననాడు నాలుగు దిమ్మలు, ఇప్పుడు ఆరు. వాకిట్లో కుక్క దిమ్మన్నర.

తెలివికి ఆ ఇంట్లో కొదవ లేదు. వానాకాలం వస్తే బావి తడిసిపోతుందని తాటాకులు కప్పేవారు. పాక తాళంచెవి పోకుండా దాన్ని పాకలోనే పెట్టి తాళం వేశారు. "ఏడేళ్ళయింది, ఇప్పటికీ పోలేదు" అని కన్నంనాయుడు అందరికీ చెప్పేవాడు. పాకకి వెనక గోడ లేదు కాబట్టి పని ఆగలేదు.

సన్నెమ్మకీ తన తెలివి మీద నమ్మకమే. కాకపోతే మాట తక్కువ. ఈమధ్య మరీ తక్కువైంది. దానికి కారణం ఉంది.

ఆ ఏడు పోలినాయుడికి జ్వరం వచ్చింది. ఇరవై రెండు రోజులు దిగలేదు. సన్నెమ్మ మంచం దగ్గరే కూర్చుంది. కొడుకు నుదుటి మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు. తీస్తే జ్వరం ఇంకా పైకి పోతుందేమోనని. కుడిచెయ్యి అక్కడుంది కాబట్టి ఎడంచేత్తో తిన్నది, ఎడంచేత్తో మొక్కింది.

"మరిడమ్మ తల్లీ, వీడి జ్వరం దించు. దిగిన రోజున వీడెంత తూగితే అంత బెల్లం నీకిస్తాను. పిసరు తగ్గించను."

జ్వరం దిగింది. ఇంకేముంది, ఇల్లంతా సంబరం. ఆ సంబరంలో అందరూ అన్నీ చేశారు, పోలినాయుణ్ణి తూచడం తప్ప.

పదిహేను రోజులు గడిచాయి. జాతర నాడు పొద్దున్నే మరిడమ్మ గుడి పూజారమ్మ పసుపు నీళ్ళు చల్లుకుంటూ ఆ వీధిన వచ్చి వాకిట్లో ఆగింది.

"సన్నెమ్మా, మొక్కు సంగతేటి? ఇవాళ ఎండ నడినెత్తికి వచ్చేలోపల చెల్లించాలి. తగ్గితే తల్లి పుచ్చుకోదు. ఎక్కువైతే గొప్పలకి పోయావని అసలే పుచ్చుకోదు."

"పుచ్చుకోకపోతే?"

"పోయిన జ్వరానికి వచ్చిన దారి తెలుసు కదమ్మా."

పూజారమ్మ వెళ్ళిపోయింది. సన్నెమ్మ చేతిలో చెంబు ఒరిగిపోయింది. నీళ్ళు కాళ్ళ మీద పడ్డాయి. ఆమె చూసుకోలేదు.

"తక్కెడ కట్టండి" అంది.

పాక దూలానికి పెద్ద తక్కెడ వేలాడదీశారు. ఒక పళ్ళెంలో పోలినాయుడు కూర్చున్నాడు. రెండో పళ్ళెంలో దిమ్మలు పెట్టుకుంటూ పోయారు. అయిదు దిమ్మలు పెట్టాక ఒక దిమ్మని రెండుగా కొట్టి ఒక సగం పెట్టారు. ముల్లు నిటారుగా నిలబడింది.

"అయిదున్నర. అయిపోయింది, పదండి" అన్నాడు జగ్గునాయుడు.

"అవలేదు" అంది సన్నెమ్మ. "ఇది ఇవాళ్టి బరువు. నేను మొక్కింది జ్వరం దిగిన రోజు బరువు. ఆ తరవాత తిన్నదంతా వాడి లోపల ఉండిపోయింది."

"ఏం తిన్నాడు?"

"పాయసంలో అర దిమ్మ. ఊరికే కొరుక్కుని పావు దిమ్మ."

"మరి అన్నం?" అన్నాడు కన్నంనాయుడు.

"అన్నం రోజూ తినేదే. అది లెక్కలోకి రాదు."

జగ్గునాయుడు తలాడించాడు. "అర దిమ్మ, పావు దిమ్మ. కలిపితే ఎంతరా కన్నం?"

"అరపావు."

"రెండు కలిపితే అంత చిన్నదైపోయిందేంట్రా?"

"పాయసంలో కరిగిపోయింది కదా నాన్నా."

సన్నెమ్మ ఒప్పుకోలేదు. ఒక సగం ముక్క, దాని పక్కన ఒక పావు ముక్క నేలమీద పెట్టి చూపించింది. దిమ్మకి పావు తక్కువ. అంటే ముప్పావు. అందరూ వంగి చూశారు. పళ్ళెంలోంచి పోలినాయుడు కూడా వంగి చూశాడు. తక్కెడ ఊగింది.

జ్వరం దిగిన నాటి బరువు ఒకటుంది. దానికి ముప్పావు కలిస్తే ఇవాళ్టి అయిదున్నర అయింది. అక్కడిదాకా తెలిసింది. ఆ మొదటిది ఎంతో తెలియలేదు.

రోడ్డు మీద బస్సు కోసం లెక్కల మాస్టారు ఎదురు చూస్తున్నారని ఎవరో చెప్పారు. ముగ్గురూ పరిగెత్తారు. పోలినాయుడు పళ్ళెంలోనే ఉండిపోయాడు. వాణ్ణి దిగమని ఎవరూ చెప్పలేదు.

మాస్టారు అంతా విన్నారు. నవ్వు ఆపుకోడానికి ఒకసారి దగ్గారు. గొడుగు మొనతో ఇసకలో ఒక చదరపు గడి గీశారు. దాని పక్కన కూడిక గుర్తు, ముప్పావు వేశారు. తరవాత రెండు అడ్డగీతలు. ఆ గీతల అవతల అయిదున్నర.

కన్నంనాయుడు గడిలోకి తొంగి చూశాడు. "ఇందులో ఏమీ లేదు మాస్టారూ."

"ఏముందో తెలీదు కాబట్టే గడి గీశాను."

"తెలీనప్పుడు గీయడమెందుకండీ? తెలిశాక గీస్తే సరిపోయేది."

మాస్టారు మళ్ళీ దగ్గారు. "చూడు బాబూ, ఇదొక తక్కెడ అనుకో. ఈ రెండు గీతలు ముల్లు. రెండు వైపులా సమానం. ఇప్పుడు మనకి గడి ఒక్కటే మిగలాలి. దాని పక్కనున్న ముప్పావు తీసెయ్యాలి. ఒక్క వైపే తీస్తే తక్కెడ ఒరిగిపోతుంది కాబట్టి రెండో వైపు కూడా ముప్పావు తీసెయ్యాలి. ఒక వైపు ఏం చేస్తే రెండో వైపు కూడా అదే చెయ్యాలి. ఇదొక్కటి మరవకండి. మరిచారా, మొత్తం పోతుంది."

మొత్తం పోతుందన్న మాట సన్నెమ్మ గుండెలో దిగబడింది.

"అయిదున్నరలోంచి ముప్పావు ఎలా తీస్తామండీ? అదో రకం ముక్క, ఇదో రకం ముక్క" అన్నాడు జగ్గునాయుడు.

"బాగా అడిగావు. ముందు ముక్కలన్నీ ఒకే రకం చెయ్యాలి. అరని పావులు చేస్తే రెండొస్తాయి. మూడు తియ్యాలి, రెండు చాలవు. అప్పుడు ఒక నిండు దిమ్మని పావులు చెయ్యండి, నాలుగొస్తాయి. రెండూ నాలుగూ ఆరు పావులు. అందులో మూడు తీసేస్తే మిగిలేది..."

బస్సు వచ్చింది. మాస్టారు మెట్టెక్కి వెనక్కి తిరిగారు. "మిగిలేది మీరే చూసుకోండి. అంత తెలివిగలవాళ్ళు."

బస్సు వెళ్ళిపోయింది. జగ్గునాయుడు దుమ్ములో నిలబడి మీసం సవరించుకున్నాడు. "విన్నావా సన్నీ? మన సంగతి మాస్టారిదాకా వెళ్ళింది."

"లెక్క ఇక్కడే ఉండిపోయింది" అంది సన్నెమ్మ. "ఇంటికెలా తీసుకెళ్తాం?"

కన్నంనాయుడు తువ్వాలు పరిచాడు. గడి, ముప్పావు, గీతలు, అయిదున్నర, అన్నీ దోసిళ్ళతో ఎత్తి మూట కట్టాడు. అంతే. ఇంటికొచ్చి పాకలో విప్పితే ఇసక కుప్ప.

"గడి ఏదిరా?"

"అడుగున పడిపోయుంటుంది."

జగ్గునాయుడు ఇసక జల్లెడ పట్టాడు. రెండు గులకరాళ్ళు, ఒక బీడీ ముక్క వచ్చాయి. గడి రాలేదు. సన్నెమ్మ తలెత్తి ఎండ ఎక్కడుందో చూసింది. తాటిచెట్టు మొవ్వు దాటింది.

"గడి లేకపోతే పోనీ. మాట గుర్తుంది కదా. ఒక వైపు ఏం చేస్తే రెండో వైపూ అదే. కానివ్వండి."

కన్నంనాయుడు కత్తి తీశాడు. పళ్ళెంలోని సగం ముక్కని రెండు పావులు చేశాడు. ఒక నిండు దిమ్మని నాలుగు పావులు చేశాడు. ఆరు పావుల్లోంచి మూడు తీసి పక్కన పెట్టాడు. ఒక్క తప్పు లేదు. పళ్ళెంలో నాలుగు నిండు దిమ్మలు, మూడు పావులు మిగిలాయి. పోలినాయుడి వైపు కిందికి ఒరిగింది.

సన్నెమ్మ ఆ పళ్ళెం వంక కాసేపు చూసింది. నాలుగు దిమ్మలు, పక్కన ఒద్దికగా మూడు పావులు. అవి తనకేదో చెప్పబోతున్నట్టే అనిపించింది. కాని లెక్క సగమే అయింది. రెండో వైపు అలాగే ఉంది.

"అటు తీశాం. ఇప్పుడు ఇటు" అంది.

"ముందు ముక్కలు చెయ్యాలి కదా అమ్మా. అటు ఒకదాన్ని నాలుగు చేశాం" అంటూ కన్నంనాయుడు కత్తి తుడుచుకుని తమ్ముడి వైపు తిరిగాడు.

"అమ్మా, నేను దిగనా?" అన్నాడు పోలినాయుడు.

"కత్తి కింద పెట్టరా. బెల్లం ఎప్పుడైనా జ్వరంతో లేచిందా? వీడు పచ్చిమనిషి. ముక్కలు చెయ్యకుండానే తీద్దాం. తిన్నది లోపలే ఉంది. ఆముదం తే" అంది సన్నెమ్మ.

గ్లాసుడు ఆముదం తెచ్చారు. పోలినాయుడు ముక్కు మూసుకుని తాగాడు. ఇంకేముంది, కాసేపటికి చెరుకుతోటలోకి పరుగు. వచ్చి కూర్చునేలోపల మళ్ళీ పరుగు. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. మూడోసారి తిరిగి రాగానే జగ్గునాయుడు ఆపాడు.

"చాల్చాలు. మూడు విడతలు. విడతకి పావు. ముప్పావు వచ్చేసింది."

"విడతకి పావని ఎలా తెలుసు?" అంది సన్నెమ్మ.

"మూడు పావులైతేనే కదా ముప్పావయ్యేది. విడతలు మూడే కదా."

సన్నెమ్మకి అందులో వంక కనిపించలేదు. పోలినాయుణ్ణి పళ్ళెంలో కూర్చోబెట్టారు. ముల్లు మాత్రం నిలబడలేదు. ఇంకా వాడి వైపే ఒరిగి ఉంది.

"పావులు చిన్నవై ఉంటాయి" అన్నాడు కన్నంనాయుడు. "పై నుంచి కూడా కొంత తీద్దాం."

చొక్కా తీశారు. మొలతాడు తీశారు. కన్నంనాయుడు తమ్ముడి మీసం కుడివైపు గీశాడు, వెంటనే ఎడమవైపూ గీశాడు. తల కుడివైపు గొరిగాడు, ఎడమవైపూ గొరిగాడు. పోలినాయుడికి కుడి చెవి వెనక ఒక గాటు పడింది. సన్నెమ్మ మంట తగ్గడానికి పసుపు అద్దింది. ఎడమ చెవి వెనక ఏమీ లేదు. కన్నంనాయుడు అక్కడా చిన్న గాటు పెట్టాడు, ఆమె అక్కడా పసుపు అద్దింది.

"ఇప్పుడు తేలికగా ఉందా?" అని అడిగింది.

"చల్లగా ఉంది" అన్నాడు పోలినాయుడు, గుండు తడుముకుంటూ.

చల్లగా ఉందంటే ఆమెకి కొంచెం ధైర్యం వచ్చింది.

వీళ్ళ ధ్యాస ఇటు ఉండగా పెరట్లోని మేక వచ్చి అటు పళ్ళెంలో ఒక పావు నోట కరుచుకుంది. జగ్గునాయుడు చూసేసరికి నమిలి మింగేసింది. అంతే, అందరూ కొయ్యబారిపోయారు.

"ఒక వైపు మేక తింది" అన్నాడు కన్నంనాయుడు నెమ్మదిగా.

సన్నెమ్మ మేకని చెవి పట్టుకుని పోలినాయుడి దగ్గరికి తెచ్చింది. "తినవే. పావు తిని వదిలెయ్యి."

మేక పోలినాయుణ్ణి వాసన చూసింది. ఆముదం వాసన. మొహం తిప్పేసుకుంది. బతిమాలారు. చేతిలో పచ్చగడ్డి పెట్టి చూపించి, గడ్డిని పోలినాయుడి పంచెలో దోపారు. మేక గడ్డి తింది, దాంతోపాటు పంచె ఒక వారనుంచి తినడం మొదలెట్టింది.

"పావు పంచె అయింది. ఇక లాగండి" అన్నాడు జగ్గునాయుడు.

లాగారు. మేక వదల్లేదు. గింజుకుని, ఎగిరి అటువైపు బెల్లం పళ్ళెంలో దూకింది. దాన్ని పట్టుకోడానికి జగ్గునాయుడు కూడా ఆ పళ్ళెంలోకి ఎక్కాడు. ఎక్కాక మేక దిగి పారిపోయింది. జగ్గునాయుడు మాత్రం పళ్ళెంలోనే ఉన్నాడు, తాళ్ళు పట్టుకుని ఊగుతూ.

"ఒక వైపు మనిషి ఎక్కాడు" అన్నాడు కన్నంనాయుడు.

"మరి ఆలస్యమేటి?" అంది సన్నెమ్మ.

కన్నంనాయుడు తమ్ముడి పక్కన ఎక్కి కూర్చున్నాడు. ఇంకేముంది. తాతలనాటి దూలం ఒకసారి మూలిగింది. రెండోసారి విరిగింది. తక్కెడ, మనుషులు, బెల్లం కింద. వాళ్ళ మీద పాక తూర్పువైపు కప్పు.

తాటాకుల్లోంచి ముందు జగ్గునాయుడు లేచాడు, తరవాత కన్నంనాయుడు, తరవాత పోలినాయుడి గుండు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. పాక పడమటివైపు సగం మాత్రం రెండు రాటల మీద నిక్షేపంగా నిలబడి ఉంది.

నలుగురూ దాని వంక చూశారు.

పాక పోతే చెరుకు ఎక్కడ వండుకోవాలి? ఆ సంగతి సన్నెమ్మకి తెలుసు. కాని కొడుకుని చూస్తే ఇరవై రెండు రోజులూ కళ్ళముందుకొచ్చాయి. మరిచారా, మొత్తం పోతుంది అన్నారు మాస్టారు. ఆమె కొంగు నడుముకి దోపింది. వెళ్ళి ఒక రాటని రెండు చేతులా పట్టుకుంది.

"చూస్తారేం? రెండోది మీరు పట్టండి."

పట్టారు, లాగారు. అంతే, పడమటివైపు కప్పు కూడా దబ్బున కూర్చుంది.

"ఇప్పుడు సమానం" అన్నాడు జగ్గునాయుడు, దుమ్ము దులుపుకుంటూ.

పైకప్పు లేకపోవడంతో ఎండ బాగా కనిపించింది. నడినెత్తికి జానెడు దూరంలో ఉంది.

"పదండి పదండి. తల్లి గుడి దగ్గర తక్కెడ ఉంటుంది. అక్కడే తూచుకుందాం" అంది సన్నెమ్మ.

బండి కట్టారు. కుడివైపు బెల్లం, ఎడమవైపు పోలినాయుడు. ఊరి పొలిమేరలో కుడి ఎద్దు కాలికి ముల్లు దిగి ఆగిపోయింది. దాన్ని విప్పేశారు. మరి ఎడమ ఎద్దు? దాన్నీ విప్పేశారు. జగ్గునాయుడొక వైపు, కన్నంనాయుడొక వైపు కాడి భుజాన వేసుకున్నారు. సన్నెమ్మ వెనక నుంచి నెట్టింది. పోలినాయుడు దిగి నెడతానన్నాడు. నువ్వు దిగితే బెల్లం కూడా దిగాలి, కూర్చోమంది.

గుడి దగ్గర డప్పులు మోగుతున్నాయి. జనం కిక్కిరిసి ఉన్నారు. పూజారమ్మ వేపమండ చేత్తో పట్టుకుని ఎండలో నిలబడి ఉంది. ఆమె నీడ ఆమె పాదాల కిందికి దూరిపోవడానికి ఇంకా నాలుగు వేళ్ళే ఉంది.

"వచ్చావా? ఎంత తెచ్చావు?"

"గడి" అంది సన్నెమ్మ.

"గడేటమ్మా?"

"ఎంతో తెలీదు. తెలీనిదాన్ని గడి అంటారు."

పూజారమ్మకి అడిగే తీరిక లేదు. వెనక ముప్పై మంది మొక్కులవాళ్ళు ఉన్నారు. "తూచండి, తూచండి" అంది.

ఒక పళ్ళెంలో పోలినాయుణ్ణి పెట్టారు. రెండో పళ్ళెంలో దిమ్మలు, పావులు పెట్టారు. సన్నెమ్మ కళ్ళు మూసుకుంది. ఇంకాసేపట్లో ముల్లు ఒరిగితే, ఆ పాత దారిన జ్వరం నడుచుకుంటూ వస్తుంది. మంచం, తడిగుడ్డ, ఎడంచేతి ముద్ద. ఇంకోసారి అదంతా పడటం తన వల్ల కాదు.

కళ్ళు తెరిచింది. పోలినాయుడి పళ్ళెం కిందికి దిగుతోంది. దిగి, దిగి, నేలకి జానెడు ఎత్తున ఆగింది. పొద్దుటినుంచీ ఆముదం, గుండు, కప్పు మీద పడటం. అలసిపోయి వాడు కునుకు తీస్తూ ఒక కాలు కిందికి జారవిడిచాడు. బొటనవేలు నేలకి ఆనింది. పళ్ళెం కొంచెం లేచింది. ముల్లు ఒకసారి అటూ ఇటూ ఊగి నిటారుగా నిలబడింది.

ఆ బొటనవేలిని సన్నెమ్మ చూసింది. పిల్లాడు కూడా తనవంతు సాయం చేస్తున్నాడు, బంగారుతండ్రి, అనుకుంది.

"సరిసమానం" అని కేకేసింది పూజారమ్మ. "అటున్నదీ ఇటున్నదీ ఒక్కటే. మొక్కు తీరింది. ఒకటి తల్లి ముందు పెట్టి ఒకటి ఇంటికి తీసుకెళ్ళండి. ఊఁ, తరవాతెవరు?"

డప్పులు మోగాయి. పూజారమ్మ పక్క మొక్కు దగ్గరికి వెళ్ళిపోయింది. నలుగురూ తక్కెడ దగ్గర నిలబడిపోయారు.

"ఏది పెట్టాలి? ఏది తీసుకెళ్ళాలి?" అన్నాడు జగ్గునాయుడు.

"అటున్నదీ ఇటున్నదీ ఒక్కటేనంది కదా నాన్నా. ఏది పెడితే ఏం?"

"అలాగే అనుకో. అయినా ఇంటికి తీసుకెళ్ళేది ఆలోచించి తీసుకెళ్ళాలి. తెలివిగలవాళ్ళం."

"బెల్లం అన్నం అడగదు" అన్నాడు కన్నంనాయుడు.

"పోలి అయితే నడిచొస్తాడు. బెల్లాన్ని మొయ్యాలి."

"నాకు ఆకలేస్తోంది" అన్నాడు పోలినాయుడు.

"చూశావా" అన్నాడు కన్నంనాయుడు.

సన్నెమ్మ పళ్ళెంలో దిమ్మల మీద చెయ్యి వేసింది. తరవాత కొడుకు నుదుటి మీద వేసింది. ఎండకి నుదురు వెచ్చగా తగిలింది. ఆమె చెయ్యి గభాలున వెనక్కి తీసుకుంది.

"ఏమయ్యా, బెల్లానికి జ్వరం వస్తుందా?"

జగ్గునాయుడు ఆలోచించాడు. "నలభై ఏళ్ళనుంచి వండుతున్నాను. ఒక్క దిమ్మకి రాలేదు."

"అయితే ఇదే ఇంటికి" అంది.

పోలినాయుణ్ణి తీసుకెళ్ళి తల్లి ముందు పసుపు ముగ్గులో కూర్చోబెట్టారు. సన్నెమ్మ వాడి గుండు మీద కుంకం పెట్టింది. కొంగుతో మొహం తుడిచింది. ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఇక్కడుండు నాయనా. తల్లి దగ్గర నీకే భయమూ లేదు. మేం నిన్ను ఇంటికి తీసుకెళ్ళి జాగ్రత్తగా చూసుకుంటాం."

"అలాగే అమ్మా" అన్నాడు పోలినాయుడు. అప్పటికే ఎవరో వాడి ఒళ్ళో రెండు కొబ్బరిచిప్పలు, అరటిపళ్ళ హస్తం పెట్టి దండం పెట్టుకున్నారు. వాడు ఒక పండు ఒలిచాడు. ఎదురుగా తల్లి ఉంది కదా అని ముందు ఆమెకి చూపించి, తరవాత తిన్నాడు.

దిమ్మల్ని బండిలో వేసుకుని ముగ్గురూ ఇంటికొచ్చారు. సన్నెమ్మ దారంతా ఒక చెయ్యి వాటి మీదే ఉంచింది. కుదుపులకి బెదురుతాయని.

పోలినాయుడి మంచం మీద కొత్త దుప్పటి పరిచింది. నాలుగు దిమ్మల్ని నిలువుగా పేర్చింది. రెండు పావుల్ని తలాపున పెట్టి కింద దిండు సర్దింది. గొంతుదాకా దుప్పటి కప్పింది. కూర్చుని, నుదురనుకున్న చోట చెయ్యి వేసింది.

చల్లగా ఉంది.

మొదట సంతోషించింది. కాసేపాగి మళ్ళీ వేసింది. ఇంకా చల్లగానే ఉంది.

"ఏమయ్యా, వీడి ఒళ్ళు చల్లబడిపోయింది."

"కాళ్ళు చూశావా?"

"కాళ్ళూ చల్లగానే ఉన్నాయి."

ఇంకేముంది. జగ్గునాయుడు కుంపటి రాజేశాడు. మంచం కింద పెట్టాడు. కన్నంనాయుడు ఇంట్లో ఉన్న గొంగళ్ళన్నీ తెచ్చి కప్పాడు. తలుపులు, కిటికీలు మూసేశారు. ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు.

కాసేపటికి సన్నెమ్మ గొంగళి కిందికి చెయ్యి పోనిచ్చింది. తడి తగిలింది.

"చెమట పట్టింది" అంది.

"చెమట పట్టిందంటే గండం గడిచినట్టే" అన్నాడు జగ్గునాయుడు, కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకాస్త ఊదరా కన్నం."

కన్నంనాయుడు కుంపటి ఊదాడు. మంచం పట్టెల మధ్యనుంచి ఒక బొట్టు జారింది, తరవాత ఇంకొకటి. తరవాత సన్నగా ధార కట్టి, నేల మీదికి దిగి, కుంపటి పక్కనుంచి మెల్లగా ముందుకి కదిలింది. గుమ్మం వైపు.

ముగ్గురూ ఊపిరి బిగబట్టి చూశారు.

"మంచం దిగాడు" అన్నాడు కన్నంనాయుడు.

"నడుస్తున్నాడు" అన్నాడు జగ్గునాయుడు. "ఎవరి సాయమూ లేకుండా నడుస్తున్నాడు."

సన్నెమ్మ గబగబా లేచి తలుపు తెరిచింది. బయట వాకిలంతా ఎండకి కాలిపోతోంది. చూరు కింద ఉన్న పోలినాయుడి చెప్పుల జత తెచ్చింది. ధార చేరబోతున్న చోట, గడపకి ఇవతల, రెండూ సరిగ్గా పక్కపక్కన పెట్టింది. పక్కనే గొంతుక్కూర్చుంది.

"తొందరపడకు నాయనా" అంది. "ముందు కుడికాలు పెట్టు."